సగంలో విరిగిన వరస

“ఈ రాయి దానంతట అది విరగలేదు. ఎవరో పనిగట్టుకుని విరగ్గొట్టారు” అంది వరసలమ్మ.

మోకాళ్ళ మీద వంగి, ముక్కు రాయికి తగిలేంత దగ్గరగా పెట్టి చూస్తోందామె. దూరం నుంచి చూసేవాళ్ళకి రాయిని వాసన చూస్తున్నట్టే ఉంటుంది. పోయినవాళ్ళకి వారసులెవరో, బతికున్నవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారో తేల్చిపెట్టడం ఆమె చేసే డిటెక్టివ్ పని. హత్యలూ దోపిడీలూ ముట్టుకోదు. “చంపినవాణ్ణి పోలీసులు పట్టుకుంటారు. పుట్టినవాణ్ణి పట్టుకునేదెవరు?” అంటుంది. అందుకే ఆ జిల్లా రైతులు ఆమెకి వరసలమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో ఉడుక్కునేది గానీ, ఆ పేరు మీదే కేసులు వస్తున్నాయని తెలిశాక ఆఫీసు బోర్డు మీద కూడా అదే రాయించుకుంది.

చిక్కుడు పొలం మూల, గట్టు పక్కన ఉంది ఆ సమాధి రాయి. నడుమెత్తు ఉంటుంది. పైన చిన్న పువ్వు, దాని కింద మూడు వరుసల అక్షరాలు.

మా వదినకు
తొలి విత్తు చల్లిన చేతికి
మీ మర

మూడో వరుసలో ‘మర’ తర్వాత ‘ద’ తాలూకు పొట్ట మాత్రం మిగిలింది. దాని తల, ఆ తర్వాత ఇంకేమైనా ఉంటే అదీ, కుడి మూల ముక్కతో పాటే ఎగిరిపోయాయి.

“ఎప్పుడు విరిగిందంటారు?” అని అడిగింది వెనక నిలబడ్డ ట్రాక్టరమ్మ.

“ఈ మధ్యనే. విరిగిన చోట పాచి లేదు, తెల్లగా ఉంది. మొన్నటి కోతల నాటిది కావచ్చు. అంతకన్నా విచిత్రం ఇంకోటుంది, చూడు తల్లీ. రాయి వెనకా పక్కలా నల్లగా పాచి పట్టింది. అక్షరాలున్న వైపు మాత్రం ఎవరో బ్రష్షు పెట్టి తోమారు. ఇవిగో గీతలు. విరగ్గొట్టదల్చుకున్నవాడు ముందు కూర్చుని తోమడు. తోమినవాడికి విరగ్గొట్టడానికి చేతులు రావు. అంటే ఈ రాయి దగ్గరికి వచ్చింది ఇద్దరు. ఒకరు చూపించాలని, ఒకరు దాచాలని.”

ట్రాక్టరమ్మ చిక్కుడు తీగల వైపు తిరిగింది. యాభై దాటిన మనిషి, ఒంటరి. ఆ జిల్లాలో ట్రాక్టరు మీదెక్కి కూర్చున్న మొదటి ఆడమనిషి కాబట్టి ఆ పేరు వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఈ పొలమే ఆమె ఇల్లూ సంసారమూ. రేపు పొద్దున పది గంటలకి భూముల ఆఫీసులో విచారణ ఉంది. అక్కడ ఓడిపోతే పొలమూ ఇల్లూ రెండూ వదిలి నడవాలి.

కేసు వినడానికి చిన్నదే. ట్రాక్టరమ్మ ముత్తాత కుటుంబంతో సహా ఎక్కడినుంచో వచ్చి, ఇక్కడ బీడు కొట్టి పొలం చేశాడు. పోతూ పోతూ ఒక షరతు పెట్టాడు. ఈ నేల తన కడుపున పుట్టినవాళ్ళ సంతానానికే చెందాలి, బయటివాళ్ళకి చెల్లదు. ఆయన వచ్చేటప్పుడు వెంట ఒక వయసు ఆడమనిషీ, ఆమె చంకలో మగపిల్లాడూ ఉన్నారు. “పోయిన నా పెద్ద కొడుకు భార్య, వాడి బిడ్డ” అని ముసలాయన అందరికీ చెప్పాడు. ఆ ఆడమనిషే ట్రాక్టరమ్మ నాయనమ్మ, ఆ పిల్లాడే ట్రాక్టరమ్మ తండ్రి. ఆ నాయనమ్మ సమాధే ఇది.

ఇన్నేళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు. మొన్న కోతలయ్యాక పిండి మిల్లు యజమాని కేసు వేశాడు. ఆయన ముసలాయన చిన్న కొడుకుకి మనవడు. ఆయన పెట్టుకున్న మనిషి పాత ఊరిదాకా వెళ్ళి, పెద్ద కొడుకు ఆ పిల్లాడు పుట్టడానికి చాలా ముందే పోయాడని తవ్వి తీశాడు. అంటే పిల్లాడు పెద్ద కొడుకు బిడ్డ కాడు. కోడలికి ఎవరి వల్లో పుట్టినవాడు. ముసలాయన రక్తం ఒక్క చుక్క కూడా లేదు. ఆ పిల్లాడి కూతురు ట్రాక్టరమ్మకి ఈ నేల మీద హక్కు లేదు.

“కేసు వేసిన రోజు నుంచి చెల్లెమ్మా అనడం కూడా మానేశాడు. ఎదురుపడితే తల వంచుకుని పోతున్నాడు” అంది ట్రాక్టరమ్మ, చిక్కుడు తీగని కర్రకి చుడుతూ.

గట్టు మీద బూట్ల చప్పుడైంది. పొలంలోకి పాలిష్ చేసిన నల్ల బూట్లతో వచ్చే మనిషి ఆ జిల్లాలో ఒక్కడే. అడిగినవాళ్ళందరికీ బంగారు అక్షరాలతో వంశవృక్షాలు అచ్చు వేయించి ఇస్తాడు. అందుకని అతన్ని వంశోద్ధారకుడు అంటారు. మిల్లు యజమాని పెట్టుకున్న మనిషి ఇతనే.

“పొద్దున్నే రాయికి సాష్టాంగపడ్డారేంటి మేడమ్?” అన్నాడు.

“మీరు నిలబడి ఫోటో తీసుకుని పోయారుగా. మోకాళ్ళ మీద కూర్చుంటే ఇంకేమైనా కనబడుతుందేమోనని.”

“కనబడటానికేముంది? వదినకి మరది పెట్టించిన రాయి. పెద్ద కొడుకు భార్యకి చిన్న కొడుకు పెట్టించాడు. ద మీద గుడి విరిగింది, అంతే.”

“గుడి విరిగిందని మీకెవరు చెప్పారు? ఉంటే కదా విరగడానికి?”

వంశోద్ధారకుడు నవ్వాడు. వరసలమ్మ సంచీలోంచి కుట్టుదారం తీసి, చివర తన ఆఫీసు తాళంచెవి కట్టింది. దారం పై కొసని పువ్వు నడిబొడ్డున వేలితో నొక్కి పట్టి, తాళంచెవిని కిందికి వదిలింది. అది ఊగి ఊగి ఆగింది.

“మొదటి వరుస చదవండి. ‘మా వదినకు’. దారం ఏ అక్షరం మీద పడింది?”

“ది మీద” అన్నాడు విసుగ్గా.

“దానికి అటు రెండక్షరాలు, ఇటు రెండక్షరాలు. చెక్కినవాడు మధ్య గీత చూసుకుని చెక్కాడన్నమాట. ఇప్పుడు మూడో వరుస. దారం ఎక్కడుంది?”

అతను వంగక తప్పలేదు. పాలిష్ బూట్లు మట్టిలో దిగబడ్డాయి. “ర మీద.”

“ఎడమ పక్క మీ, మ. రెండు. కుడి పక్క కూడా రెండు ఉండాలి. మరది అయితే ‘ది’ ఒక్కటే ఉంటుంది. ఇంకో అక్షరం కావాలంటే ఏముండాలి?”

“చెక్కేవాడు ఆ రోజు పరాకుగా ఉన్నాడేమో.”

“పై రెండు వరుసలకీ లేని పరాకు మూడోదానికి వచ్చిందా? అది ‘మీ మరదలు’. రాయి పెట్టించింది ఆడమనిషి.”

వంశోద్ధారకుడు బూటు మట్టి దులుపుకోవడానికి కాస్త ఎక్కువ సమయమే తీసుకున్నాడు. “సరే, మరదలే అనుకోండి. మరదలు పెట్టినంత మాత్రాన వదిన వదిన కాకుండా పోతుందా?”

“అక్కడే పప్పులో కాలేశారు. మీరు వేసిన చెట్టులోనే ఉంది, ఆ ఇంట్లో ఎదిగిన ఆడవాళ్ళు ఇద్దరే. పోయినావిడ, చిన్న కొడుకు భార్య. రాయి పెట్టించిన మరదలు ఆ చిన్న కొడుకు భార్యే అవ్వాలి. మీరేమో పోయినావిడ పెద్ద కోడలంటున్నారు. అంటే ఇద్దరూ తోడికోడళ్ళు. మీ ఇంట్లో తోడికోడళ్ళు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారండీ?”

“అక్కా అని... చెల్లీ అని.”

“వదినా అని?”

“అనరు.”

“మరి పెళ్ళయి వచ్చిన పిల్ల ఆ ఇంట్లో ఎవర్ని వదినా అంటుంది?”

జవాబు వెనకనుంచి వచ్చింది.

“మొగుడి అక్కని” అంది ట్రాక్టరమ్మ.

ఆలోచించుకోకుండా, పాఠం అప్పజెప్పినట్టు అంది. వరసలమ్మ ఒకసారి వెనక్కి తిరిగి ఆమె మొహం చూసింది. తర్వాత ఏమీ ఎరగనట్టు వంశోద్ధారకుడి వైపు తిరిగింది. “అదీ సంగతి. పోయినావిడ ఆ ఇంటి కోడలు కాదు. కూతురు. ముసలాయన కన్న బిడ్డ. ఆమె కొడుకు ఎవరివల్ల పుట్టినా సరే, వాడిలో ఉన్నది ముసలాయన రక్తమే.”

“కథ బాగుంది” అన్నాడతను. గొంతు మాత్రం అంత బాగాలేదు. “కానీ రేపు అధికారి ముందు దారం సాక్ష్యం చెబుతుందా? ఆయనకి అక్షరం కావాలి. ముసలాయనే స్వయంగా ఆవిడ నా కోడలని రాయించి పెట్టాడు. దాన్ని కొట్టెయ్యాలంటే విరిగిన ముక్క తెచ్చి బల్ల మీద పెట్టండి. లేదా బతికున్న మనిషిని తీసుకొచ్చి చెప్పించండి.”

“అందుకే మిల్లుకి వస్తున్నాను. మీ క్లయింటు మేనత్తతో మాట్లాడాలి.”

“రండి. నేనూ అక్కడే ఉంటాను.”

దారం చుట్టుకుంటుంటే వరసలమ్మ కళ్ళు విరిగిన అంచు మీద ఆగాయి. తెల్లటి రాయి మీద గోరంత ఎర్ర రంగు గీసుకుపోయి ఉంది. నెత్తురు కాదు, ఎండిన పెయింటు. వంశోద్ధారకుడు ఇంకా పక్కనే ఉన్నాడు. వరసలమ్మ లేవడానికి ఆసరా పట్టుకున్నట్టు నటించి, ఆ గీత మీద బొటనవేలు పెట్టి, అతను గట్టు దిగేదాకా తియ్యలేదు.

*

మిల్లు వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది మిల్లు యజమాని మేనత్త. తొంభైకి దగ్గరపడిన మనిషి. కిటికీ అద్దాల మీద పిండి పొడి పేరుకుని, గదిలోకి వెలుతురు జల్లించినట్టు పడుతోంది. రాయి పెట్టించిన ఆ చిన్న కోడలి కూతురు ఈమె. ఆ ఇంట్లో పుట్టి, ఆ రోజులు చూసి, ఇంకా బతికున్నది ఈమె ఒక్కతే.

తలుపు తీసింది మిల్లు యజమాని. కనుబొమల మీద కూడా పిండి ఉంది. కుర్చీ వేశాడు, అత్త ముందు మంచినీళ్ళు పెట్టాడు, వీపు వెనక దిండు సర్దాడు. వెళ్ళిపోబోతూ గుమ్మం దగ్గర ఆగి, “ఆవిడ రాలేదా?” అని అడిగాడు.

“ఎవరు?”

“ఆవిడే. ట్రాక్టరు...” అని ఆపేసి వెళ్ళిపోయాడు.

వంశోద్ధారకుడు గోడవారగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముందే నూరిపోసి ఉంచాడని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది.

“బామ్మగారూ, చిక్కుడు పొలంలో సమాధి ఉందే, ఆవిడ మీకేమవుతారు?”

“పెద్దమ్మ” అంది ముసలామె వెంటనే. “పెద్దనాన్న భార్య.”

“చూశారా?” అన్నాడు వంశోద్ధారకుడు.

వరసలమ్మ వాదించలేదు. ఆ పెద్దమ్మ అన్న మాట బాగా అరిగిపోయి, నున్నగా ఉంది. లోపల్నుంచి వచ్చిన మాట అంత నున్నగా ఉండదు. ఆమె కేసు పక్కన పెట్టి కబుర్లలోకి దిగింది. చిన్నప్పుడు ఏం పండించేవారు, బడి ఎంత దూరం, వానకి ఇల్లు కారేదా. ముసలామెకి హుషారొచ్చింది. బడి ఎగ్గొట్టి గడ్డివాములో నిద్రపోయిన సంగతి చెబుతూ తనే నవ్వుకుంది. వంశోద్ధారకుడు ఆవులింతలు మింగుతున్నాడు.

“గడ్డం కింద ఆ మచ్చేంటి బామ్మగారూ? గడ్డివాము మీంచి పడ్డారా?”

“గడ్డివామా? గాదె మీంచి తోసేశాడమ్మా! నేను ముందు ఎక్కానని ఉడుకుమోత్తనం. ఇంత నెత్తురు. మా అమ్మ నాలుగు తగిలిస్తే, వాడు గాదె వెనక దాక్కుని నాకంటే గట్టిగా ఏడ్చాడు.”

“ఎవరు తోసింది?”

“బావ.”

వంశోద్ధారకుడు ఆవులింత సగంలో ఆపేశాడు.

“బావి అంది” అన్నాడు వంశోద్ధారకుడు గబగబా. “బావి దగ్గర పడిందేమో. పెద్దావిడ కదా, మాట తడబడింది.”

“బావి మనుషుల్ని మింగుతుంది గానీ గాదె మీంచి తొయ్యదండీ. పొద్దున మరదకి గుడి కట్టారు, ఇప్పుడు బావకి కడుతున్నారు. అక్షరం కనబడితే చాలు, గుడి కట్టందే మీకు నిద్ర పట్టదా?” అని, ముసలామె చెయ్యి మెల్లిగా పట్టుకుంది. “బామ్మగారూ, ఆ ఇంట్లో మీకంటే పెద్దవాడైన మగపిల్లాడు ఒక్కడే. ఆవిడ కొడుకు. పెద్దమ్మ కొడుకైతే అన్నయ్య అవుతాడు. బావ అవ్వాలంటే ఆవిడ మీకు ఏమవ్వాలి?”

ముసలామె వంశోద్ధారకుడి వైపు తిరిగి, “బాబూ, నువ్వు కాసేపు బయట కూర్చో నాయనా” అంది.

అతను లేచాడు. ఆ మొహం చూసి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. ఆ మాత్రం మర్యాద అతనికుందని వరసలమ్మకి అప్పుడే తెలిసింది.

“అత్తయ్య” అంది ముసలామె. ఈసారి మాట నున్నగా లేదు, గొంతులో గీసుకుంటూ వచ్చింది. “మా నాన్నకి సొంత అక్క. పెళ్ళి కాకుండానే బిడ్డ. అందుకే తాతయ్య అక్కడన్నీ వదిలేసి ఎవరూ ఎరగని చోటికి వచ్చాడు. ఇక్కడికొచ్చాక కూతుర్ని కోడలన్నాడు. మాకు గడప బయట పెద్దమ్మ. గడప లోపల అత్తయ్య. మాకు మాటలు రాకముందే ఈ రెండూ నేర్పారు.”

“రాయి సంగతి?”

“అమ్మ పెట్టించింది. అత్తయ్య బతికినన్నాళ్ళూ నలుగుర్లో అక్కా అని పిలవాల్సొచ్చింది కదా, పోయాకైనా ఒక్కసారి అసలు వరసతో పిలుస్తానంది. నాన్న వద్దన్నాడు. అమ్మ వినలేదు. అటు పొలంలోకి ఎవరొచ్చి చదువుతారులే అనుకున్నారు.” ముసలామె కళ్ళు తుడుచుకుంది. “అత్తయ్య మీద ఎవరూ వేలు చూపించకూడదని నాచేత ఒట్టేయించుకుంది.”

ఎప్పుడో పోయిన ఆ చిన్న కోడలి మీద వరసలమ్మకి చెప్పలేనంత ఇష్టం కలిగింది. వరసలు తేల్చడం తన వృత్తి. ఆమె మాత్రం ఎవరూ అడక్కుండానే తేల్చి, రాతి మీద చెక్కించి పెట్టింది.

“రేపు ఈ ముక్క ఆఫీసులో చెప్పండి బామ్మగారూ. లేకపోతే ఆవిడ మనవరాలు వీధిన పడుతుంది.”

“చెప్పలేను.”

“ఒట్టు వేయించుకున్నవాళ్ళు లేరు. వేలు చూపించేవాళ్ళూ లేరు.”

“ఒట్టు కోసం కాదమ్మా.” ముసలామె గొంతు తగ్గించి తలుపు వైపు చూసింది. “ఆ పిల్లా, మావాడూ వయసులో ఉన్నప్పుడు పెళ్ళి చేసుకుంటామన్నారు. అన్నదమ్ముల బిడ్డలు, అన్నాచెల్లెళ్ళ వరస, తప్పు అని విడదీశాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. వాళ్ళు అన్నాచెల్లెళ్ళు కారని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది కూడా నాకే. అప్పుడు నోరు విప్పితే అత్తయ్య పరువు పోతుందనుకున్నాను. తర్వాత వీడు ఎవర్నో చేసుకున్నాడు, ఆమె పోయింది. ఆ పిల్ల అసలు చేసుకోనే లేదు. ఇప్పుడు రేపు ఆఫీసులో బావ అన్నానంటే, పక్కనే కూర్చున్న వీడు నావైపు చూస్తాడు. రోజూ దిండు సర్దే చేతులమ్మా అవి. నావల్ల కాదు.”

వరసలమ్మకి ముసలామె మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ చేతిని వదిలి లేవడానికి మాత్రం కాస్త సమయం పట్టింది.

బయట వంశోద్ధారకుడు బస్తాల మీద కూర్చుని ఉన్నాడు. “తలుపు చెక్క పల్చన” అన్నాడు తల ఎత్తకుండా. “అంతా వినబడలేదు గానీ, నా చెట్టులో కొమ్మ తప్పు గీశానని మాత్రం అర్థమైంది.”

“అయితే రేపు ఆ మాట చెప్పండి.”

“తలుపు చాటున విన్నది సాక్ష్యమవుతుందా? ముక్క తెండి మేడమ్. తెస్తే, చదివి వినిపించేది నేనే.”

*

ట్రాక్టరమ్మ షెడ్డులో ఉంది. ఎండ ఇంకా వాలలేదు. ఎర్ర ట్రాక్టరు వెనక నాగలి కర్రులు విప్పి, గుడ్డతో తుడుస్తోంది. వరసలమ్మ తిన్నగా వెళ్ళి చివరి కర్రు మీద చెయ్యి వేసింది. మిగిలినవాటి మీద రంగు వెలిసిపోయింది. దీని కొస మాత్రం కొత్త ఎరుపుతో నిగనిగలాడుతోంది. వేలితో తడిమితే రంగు కింద లోతుగా గాటు తగిలింది.

“ముక్క ఎక్కడుంది తల్లీ?”

“ఏ ముక్క?”

“పొద్దున నేను అడిగింది వంశోద్ధారకుణ్ణి. జవాబు చెప్పింది నువ్వు. మొగుడి అక్కని అని. ఆ లెక్క నువ్వు ఎప్పుడో వేసుకున్నావు. రాయి చదివావు, విరగ్గొట్టావు. నీ పొలాన్ని నిలబెట్టే సాక్ష్యాన్ని నువ్వే పగలగొట్టుకున్నావు.”

ట్రాక్టరమ్మ తుడుస్తున్న గుడ్డని మడతపెట్టింది. మళ్ళీ మడతపెట్టింది. “అప్పటికి కేసు లేదమ్మా. గట్టువార దున్నుతుంటే రాయి తెల్లగా కనబడింది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, ఎప్పుడూ పాచి తప్ప ఏమీ కనబడేది కాదు. దిగి చదివాను. మీ మరదలు. ముందు అర్థం కాలేదు. ట్రాక్టరెక్కి రెండు చాళ్ళు వేశాక అర్థమైంది. నాయనమ్మ ఆ ఇంటి కూతురైతే మా నాన్నా, వాళ్ళ నాన్నా అన్నదమ్ములు కారు. బావా బావమరుదులు. అలాంటప్పుడు నేను అతనికి...” ఆగిపోయింది. “వెనక్కి తిప్పి, కర్రు దింపి గుద్దేశాను. ఒళ్ళు తెలియలేదు.”

“కేసు వచ్చాకైనా ముక్క ఇవ్వచ్చుగా? నేను నీ తరఫు మనిషినే.”

“ఇస్తే అందరూ లెక్కలు వేస్తారు. నేను అతనికి ఏమవుతానో, ఏం కావలసిందాన్నో. వరస కాదన్నారు కాబట్టి కాలేదు, నా తప్పేమీ లేదు, ఎవరి తప్పూ లేదు అనుకుని ఇన్నేళ్ళు బతికాను. అది కూడా ఉత్తదేనంటే, నేను ఇక్కడ ఒక్కదాన్నీ ఎందుకు బతికినట్టమ్మా? పొలం పోతే పోనివ్వండి. ఇంకో చోట కూలికి ట్రాక్టరు తోలుకుంటాను.”

కోపంతో అరవాలనుంది వరసలమ్మకి. ఏడుపు కూడా వస్తోంది. రెండూ చెయ్యకుండా ఒక బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. ఎంతమందికి ఎన్ని వరసలు కలిపిందో లెక్కలేదు. తేల్చిన వరస ఒక మనిషిని ఇంతగా కోసేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

షెడ్డు ముందు జీపు ఆగింది. దిగింది మిల్లు యజమాని. కనుబొమల మీద పిండి అలాగే ఉంది. గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు ఆగిపోయాడు. ఏదో పిలవబోయాడు. ఏమని పిలవాలో తేలలేదు.

“ఏం పని మీద వచ్చావు?” అంది ట్రాక్టరమ్మ, మొహం తిప్పకుండా.

“నువ్వు రాయిని గుద్దిన రోజు నేను గట్టు అవతల ఉన్నాను.”

వరసలమ్మ బకెట్టుతో సహా కాస్త పక్కకి జరిగింది.

“ఆ రాయి తోమింది నేనే” అన్నాడతను. ఇన్నేళ్ళ మాటలూ ఒకేసారి మోసుకొచ్చినవాడిలా తడబడుతూ చెప్పాడు. “అత్త నిద్రలో మాట్లాడుతుంది. బావా, తొయ్యకు బావా అంటుంది. ఆవిడకి బావలెవరున్నారు? వెతుక్కుంటూ వెతుక్కుంటూ రాయి దాకా వచ్చాను. చదివాను. నువ్వూ చదవాలని తోమి పెట్టాను. చదివావు. చదివి పగలగొట్టేశావు.”

“నోటితో చెప్పడానికేం?”

“ఎప్పుడు చెప్పను? ఇన్నేళ్ళలో నా ఎదురుగా నిలబడి నాలుగు మాటలు విన్నావా?”

“అందుకని నా పొలం మీద కేసు వేస్తావా?” అప్పుడు తిరిగింది ట్రాక్టరమ్మ. కళ్ళు మండుతున్నాయి. “నన్ను వెళ్ళగొట్టడానికి మనుషుల్ని పెడతావా?”

“వెళ్ళగొట్టడానికి కాదు. రేపు నువ్వు ఆ ముక్క తెస్తే పొలం నీది, నువ్వు నాకు మరదలివి. తేకపోతే మా తాతలకీ మీకూ సంబంధం లేదు, నువ్వు పరాయి మనిషివి. అప్పుడు కూడా పొలం దున్నేది నువ్వే, నేను గడప దాటి రాను. కానీ ఏ తీర్పు వచ్చినా, నువ్వు నాకు చెల్లెలివి మాత్రం కావు. ఆ ఒక్క మాట అధికారి నోట రావాలని వేశాను కేసు.”

వరసలమ్మ బకెట్టు మీంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా దావాలు చూస్తోంది. గెలిచినా ఓడినా ఒకటే కోరుకునే మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

ట్రాక్టరమ్మ చేతిలో గుడ్డ కర్రు మీద పడేసి, ట్రాక్టరు సీటు ఎత్తింది. అడుగున గోనెసంచి చుట్టిన బరువేదో కనిపించింది.

“ఆ రోజు ఒక్కదాన్నే ఎత్తి పెట్టాను” అంది. “ఇప్పుడు ఎత్తలేను. ఆ పక్క నువ్వు పట్టు.”